వెనక్కి తిరిగి చూస్తే సైకిల్ పక్కకు పోతోంది. వయసు వల్లేనా?

ప్రశ్న
నాకు 68. నేరుగా తొక్కుతున్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు. మలుపు ముందు వెనక ఏమొస్తోందో చూద్దామని తల తిప్పితే చాలు, హ్యాండిల్ కూడా అటే పోతోంది. జనం మధ్య నెమ్మదిగా పోవాల్సి వచ్చినా ఊగుతోంది. మా అబ్బాయి "ఇక చాలు నాన్నా, మూడు చక్రాలది కొనిస్తా" అంటున్నాడు. మానేయాల్సిందేనా?

పాతపెడల్
ఇంత మాత్రానికే మానేయకండి సార్. నాకు 74, ఇంకా తొక్కుతున్నా. వేగంలో ఉంటే సైకిల్ చాలావరకు తనే నిలబడుతుంది. నెమ్మదిస్తే మాత్రం ఒరిగిన వైపుకు హ్యాండిల్ తిప్పుతూ మనమే నిలబెట్టాలి. వయసు పెరిగేకొద్దీ ఆ సర్దుబాటు ఆలస్యమవుతుంది. లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే కణాలు తగ్గుతాయి, కాళ్ల నుంచి వచ్చే స్పర్శా మందగిస్తుంది, దాంతో ఎక్కువ భారం కళ్ల మీద పడుతుంది. మీరు ఆ కళ్లనే వెనక్కి తిప్పుతున్నారు! పైగా మెడ బిగుసుకుపోయి ఉంటే భుజం తిరుగుతుంది, భుజంతో పాటు చెయ్యి, చేత్తో పాటు హ్యాండిల్.
అద్దం పెట్టించండి. అయినా అందులో అన్నీ కనబడవు, అనుమానం ఉంటే ఆగి, కాలు కింద పెట్టి చూడండి. సీటు కిందికి దించండి, కూర్చుని ఉండగానే పాదాలు నేలకు ఆనాలి. దూరం తొక్కితే మోకాళ్లు కాస్త గోల పెడతాయి, పెట్టనివ్వండి. మధ్య రాడ్ లేని సైకిలైతే ఇంకా మేలు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పడేవాళ్లు మన వయసులో చాలామందే.

మందులచీటీ
ఇది కొత్తగా మొదలైందా? ఈమధ్య బీపీ మాత్ర గానీ నిద్రమాత్ర గానీ మార్చారా? కొన్ని జలుబు మాత్రలకూ తల తూలుతుంది. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలుంటే కింది భాగం దగ్గరి చూపుకు ఉంటుంది కాబట్టి ముందున్న గుంత మసగ్గా కనబడుతుంది. హెల్మెట్ ఎలాగూ పెట్టుకోవాలి. రక్తం పలచబడే మందు వాడుతుంటే, తలకు దెబ్బ తగిలినప్పుడు నొప్పి లేకపోయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

పాతపెడల్
మూడు చక్రాల గురించి ఒక మాట. ఆగినప్పుడు పడదు, నిజమే. కానీ మామూలు మూడు చక్రాలది మలుపులో ఒరగదు. వేగంగా తిప్పితే లోపలి చక్రం లేచి బోల్తా కొడుతుంది. రెండు చక్రాలకు అలవాటుపడ్డ ఒంటికి మొదట్లో అది అస్సలు లొంగదు. ఖాళీ స్థలంలో తొక్కి చూశాకే కొనండి.

ప్రశ్న అడిగినవారు
బీపీ మాత్ర మార్చిన మాట నిజమే, డాక్టర్ని అడుగుతాను. అద్దం ఏ వైపు పెట్టాలి?

పాతపెడల్
బండ్లు మిమ్మల్ని దాటుకుని పోయే వైపు.