ఆర్డర్లన్నీ ‘డెలివర్డ్’ అయిపోయాయి, ఆర్‌సీఏలో (తప్పు ఎందుకు జరిగిందో రాసే రిపోర్టు) నా పేరు రాసి సంతకం పెట్టమంటున్నారు

రాత్రి_ఆన్‌కాల్:
మాది గచ్చిబౌలిలో 14 మంది ఉన్న చిన్న స్టార్టప్. గురువారం రాత్రి 11:30కి సపోర్ట్ వాళ్లు ఒక ఆర్డర్ స్టేటస్ మార్చమంటే నేరుగా ప్రొడక్షన్‌లోనే, అంటే కస్టమర్లు వాడే అసలు డేటాబేస్‌లోనే, అప్‌డేట్ క్వెరీ రాశాను. రన్ చేసేటప్పుడు మౌస్‌తో పై రెండు లైన్లే సెలెక్ట్ అయ్యాయి, ఏ ఆర్డరో చెప్పే వేర్ (WHERE) ఉన్న లైను కిందే ఉండిపోయింది. అంతే, టేబుల్ మొత్తం ‘డెలివర్డ్’. బ్యాకప్ ఉందిలే అని ధైర్యంగా వెళ్లి చూస్తే చివరిది 12 రోజుల నాటిది, డిస్క్ నిండి ఎప్పుడో ఆగిపోయిందట. కొరియర్ వాళ్లు పంపిన మెసేజ్‌ల లాగ్ పట్టుకుని తెల్లారేదాకా ఒక్కో ఆర్డర్ సరిచేశాం. ఇప్పుడు మా సీటీఓ (టెక్నాలజీ హెడ్) ఆర్‌సీఏలో ‘కారణం: ఉద్యోగి అజాగ్రత్త’ అని నా పేరుతో రాయమంటున్నారు. తప్పు నాదే, కాదనను. కానీ అలా రాసివ్వాలా?

పాత_డీబీఏ:
తమ్ముడూ, తప్పు ఒప్పుకో, ఆ వాక్యం మాత్రం రాయకు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్) ఏమైందో చదివావా? రాత్రిపూట రెప్లికేషన్ (డేటాని రెండో సర్వర్‌కి కాపీ చేసే ఏర్పాటు) బాగుచేస్తున్న ఇంజినీరు, కాపీ ఉండే సెకండరీ అనుకుని అసలు డేటా ఉండే ప్రైమరీ సర్వర్‌లో డేటా డైరెక్టరీ చెరిపేశాడు. ఒకటి రెండు సెకన్లలో తెలుసుకుని ఆపినా 300 జీబీలో సుమారు 4.5 జీబీయే మిగిలింది. సరే, బ్యాకప్‌లు? డంప్ (డేటా మొత్తం కాపీ) తీసే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్, డేటాబేస్ 9.6, కాబట్టి రోజూ ఫెయిలవుతూనే ఉంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లను సంతకం సరిగా లేదని మెయిల్ సర్వర్ వెనక్కి కొట్టేసింది, అందుకే ఎవరికీ తెలియలేదు. అదే ఇంజినీరు వేరే పని కోసం 6 గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటా నకలు) ఒకటి ఉండబట్టి బతికిపోయారు. వాళ్ల రిపోర్టు బ్యాకప్‌లు ఎందుకు పనిచేయలేదో వెతికింది, మనిషిని తప్పుపట్టలేదు. మీ డిస్క్ 12 రోజుల క్రితం నిండితే అది నీ అజాగ్రత్త ఎలా అవుతుంది?

చేదు_మందు:
‘బ్లేమ్‌లెస్’ (మనిషిని కాదు, పద్ధతిని తప్పుపట్టాలి) అని అందరూ మంత్రంలా అంటారు గానీ, మా దగ్గర ఒకాయన అదే తప్పు మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ ప్రాసెస్‌నే తిట్టుకున్నాం. కాబట్టి పోస్ట్ పెట్టినాయన గారూ, మీ వంతు మీరు గట్టిగానే రాయండి: రాత్రిపూట ఒక్కడినే, వెనక్కి తీసుకునే వీలుండేలా ట్రాన్సాక్షన్ పెట్టకుండా, ఎన్ని ఆర్డర్లు మారతాయో ముందు కౌంట్ చూసుకోకుండా కొట్టాను అని. మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే సేఫ్ అప్‌డేట్స్ ఆప్షన్ ఉంది, వేర్ లేకుంటే అప్‌డేట్ కానివ్వదు. దానికి రెండో పేరు ‘ఐ యామ్ ఎ డమ్మీ’, జోక్ కాదు, మాన్యువల్‌లోనే ఉంది. నేను సిగ్గుపడకుండా వాడతాను.

ఇంకోటి, ఆ రాత్రి కస్టమర్లకి ఎవరు చెప్పారు? క్వెరీలు కొట్టేవాడే ఫోన్లు కూడా ఎత్తితే రెండో తప్పు గ్యారంటీ. ఒకరు కీబోర్డు దగ్గర, ఒకరు పక్కన చూస్తూ అరగంటకోసారి గ్రూపులో రాస్తూ ఉండాలి. 14 మందిలో ఆ రెండో మనిషి దొరకడా?

రాత్రి_ఆన్‌కాల్:
దొరికేవాడే అన్నా, నేనే నిద్ర లేపడానికి మొహమాటపడ్డాను. ఫోన్లూ నేనే ఎత్తాను :(

రాసి పంపాను. మొదటి పేరాలో నేను చేసింది గంటలతో సహా, తర్వాత డిస్క్ సంగతి, సపోర్ట్ వాళ్లకి స్టేటస్ మార్చే స్క్రీన్ లేక ప్రతిసారీ డెవలపర్ ప్రొడక్షన్‌లోకి వెళ్లాల్సి వస్తోందన్న సంగతి. పేరు బదులు ‘ఆన్‌కాల్ ఇంజినీర్’ అన్నాను. సీటీఓ ఇంకా ఏమీ అనలేదు, కానీ ‘బ్యాకప్ చూసే బాధ్యత ఎవరిది?’ అని పక్కన కామెంట్ పెట్టారు. ఆ సర్వర్ పెట్టింది ఆయనే.

పాత_డీబీఏ:
హహ. జవాబు రాయకు, శనివారం ఆ బ్యాకప్‌ని ఖాళీ మెషీన్‌లో రీస్టోర్ చేసి ఎన్ని గంటలు పట్టిందో అక్కడ పెట్టు.