ఉగాది శనివారం: పిల్లల నగల టేబుల్ సంగతి ఈ రాత్రికే తేలాలి
(అమెరికాలో డల్లాస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళ గ్రూపు మెసేజ్‌లు; ఎవరు ఏ ఊరివాళ్ళో ఆ ఊరి పేరుతోనే)

ఫ్రిస్కో, మంగళవారం రాత్రి 9:10
అందరికీ నమస్కారం. మధ్యలో ఇంకా మూడు రోజులే ఉన్నాయి. పట్టుదారం గాజులకు 32 మంది పిల్లలు పేర్లిచ్చారు. కావలసినవి: టేబుళ్ళు ఆరు, కత్తెరలు, పేర్ల స్టిక్కర్లు, బ్యానరు, పక్కన కూర్చోడానికి నలుగురు పెద్దవాళ్ళు. ఎవరు ఏది చూసుకుంటారో చెప్పండి.

ఇర్వింగ్, 9:32
అక్కా, లిస్టు కాసేపు పక్కన పెట్టండి. హాలు వాళ్ళ మెయిల్ ఇప్పుడే వచ్చింది. జిగురు, గ్లూ గన్, పూసలు, మెరుపుల పొడి ఏవీ లోపలికి తేకూడదట. అది బాస్కెట్‌బాల్ ఆడే చెక్క ఫ్లోరు. పూస మీద కాలు పడితే జారతారు, జిగురు పడితే పాలిష్ పోతుంది అంటున్నారు. ఫోన్ చేసి బతిమాలాను, ఒప్పుకోలేదు.

ఫ్రిస్కో, 9:41
హాలు ఫారం నింపిన రోజే అడగాల్సిన మాట కదా తమ్ముడూ ఇది? 140 డాలర్ల సామాను కొనేశాను. మా డైనింగ్ టేబుల్ మీద 32 సంచులు కట్టి ఉన్నాయి. ఒక్కోదాంట్లో రెండు గాజులు, దారం రీలు, పది కుందన్లు. ఇప్పుడు ఇవన్నీ ఏం చెయ్యను?

ఇర్వింగ్, 9:48
ఫారంలో ‘పిల్లల ఆటలు’ అని రాయమన్నది ఎవరక్కా? జిగురు వాడతారని నాతో ఎవరూ అనలేదు. ఆఫీసు మానుకుని రెండుసార్లు ఆ హాలుకి వెళ్ళొచ్చాను. తప్పంతా నా మీదకి తోస్తే నాకూ కష్టంగానే ఉంటుంది.

అలెన్, 9:55
ఇద్దరూ కాస్త ఆగండి. నగల టేబుల్‌కి అనుకున్నది 60 డాలర్లు. మిగతా 80 సంగతి రేపు చూద్దాం. వేరే గది అద్దెకి తీసుకునే డబ్బు మాత్రం లేదు.

ప్లేనో, 10:05
జిగురు అక్కర్లేనిది ఏదైనా చేయిద్దామా? చిన్నప్పుడు మేం గురివింద గింజలు దండ గుచ్చేవాళ్ళం. ఎర్రగా, నల్లచుక్కతో ఎంత బాగుంటాయో. ఆన్‌లైన్‌లో చూసి తెప్పించనా?

మెకిన్నీ, 10:14
గురివింద వద్దమ్మా, పిల్లల చేతికి అసలే వద్దు. తొక్క గట్టిగా ఉన్నంతసేపే అది క్షేమం. సూదితో గుచ్చినా, పిల్లలు కొరికినా లోపలున్న ఎబ్రిన్ అనే విషం బయటికొస్తుంది. ప్రాణాల మీదకి వస్తుంది.
మా ఊరి చెరువులో కలువలు కోసి గొలుసులు చేసుకునేవాళ్ళం. కాడని వేలెడు పొడవున విరిచి, ఒక పక్క తొక్క తెగకుండా కిందికి లాగాలి. తర్వాతి ముక్క రెండో పక్కకి. అలా చివరిదాకా విరుచుకుంటూ వెళితే రెండు పేటలు వేలాడతాయి, పువ్వే లాకెట్టు. మెడలో చల్లగా తగిలేది, సాయంత్రానికి వాడిపోయేది. అవి చేసుకున్నది చెరువుగట్టు మీద, వేసుకుని తిరిగింది ఊరంతా. మన పిల్లలు గాజులు హాల్లోనే ఎందుకు చుట్టాలి? ఇళ్ళల్లో చుట్టి, శనివారం వేసుకుని వస్తే సరిపోదూ?

ఫ్రిస్కో, 10:31
పెద్దమ్మా, ఈ ఆలోచన నాకు తట్టనే లేదు. తమ్ముడూ, టెన్షన్‌లో మాట తూలాను, ఏమీ అనుకోకు. గురువారం సాయంత్రం 5కి మా ఇంట్లో 12 మందిని కూర్చోబెడతాను.

ఇర్వింగ్, 10:36
నేనూ గట్టిగానే అన్నాను అక్కా, సారీ. మా గరాజ్ ఖాళీ చేస్తాను, 10 మంది పడతారు. మా ఆవిడకి దారం చుట్టడం వచ్చు.

ప్లేనో, 10:38
మిగతా పది మంది మా ఇంటికి.

అలెన్, 10:44
80ని 32తో భాగిస్తే రెండున్నర డాలర్లు. సంచి తీసుకున్న ప్రతి అమ్మానాన్నా అది ఇస్తే లెక్క సరిపోతుంది.

ఫ్రిస్కో, బుధవారం ఉదయం 7:20
నిన్న రాత్రి మా చిన్నదానితో ఒక గాజు చుట్టించి చూశాను. పట్టుదారం ఇరవై పోగులు కలిపి పట్టుకోవాలి. వదులైతే గాజు బయటికి కనిపిస్తుంది. ఏడేళ్ళ పిల్లకి అరగంట పట్టింది, సగంలో విసుగు. అందుకే ఎనిమిది దాటినవాళ్ళకే పట్టుదారం, చిన్నవాళ్ళకి స్వెటర్లు అల్లే ఊలు. లావుగా ఉంటుంది కాబట్టి త్వరగా నిండుతుంది. జిగురు బదులు గాజు లోపలివైపు డబుల్ సైడ్ టేపు ముక్క పెడితే మొదలూ చివరా ఊడవు. కుందన్లు పెద్దవాళ్ళే అతికించండి.
మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో పూసలు, కుందన్లు బయట పెట్టొద్దు, నోట్లో పెట్టుకుంటారు. వాళ్ళకి టిష్యూ రోలు అట్టని రెండు వేళ్ళ వెడల్పున కోసి ఇవ్వండి, క్రేయాన్లతో రంగేసుకుంటే అదే గాజు.

ఇర్వింగ్, గురువారం రాత్రి 9:15
మా దగ్గరికి 14 మంది వచ్చారు. ఊలు అయిపోతే మా ఆవిడ పాత చున్నీ పీలికలు చేసి ఇచ్చింది. అవే బాగున్నాయని అందరూ అవే అడిగారు. ఒక బాబు వాళ్ళ నాయనమ్మ కోసం అడిగి మరీ ఇంకో గాజు చుట్టాడు. ఆవిడ గుంటూరులో ఉన్నారట, వీడియో కాల్‌లో చూపించాడు. అక్కా, మీ దగ్గర పెద్ద సైజు గాజులు మిగిలాయా? రేపు వచ్చి తీసుకెళ్తాను, ఇంకో ముగ్గురు నాయనమ్మల కోసం అడుగుతున్నారు.

ఫ్రిస్కో, 9:22
ఎనిమిది ఉన్నాయి. గుమ్మం పక్క సంచిలో పెడతాను.