ఇంటి నుంచే ఉద్యోగమైతే హైదరాబాద్ వదిలి విశాఖ వెళ్లవచ్చా?

మియాపూర్ నివాసి: మా ఇద్దరికీ ఇంటి నుంచే పని. పాపకు ఎనిమిదేళ్లు. నాలుగు చెట్లు చూపించాలన్నా ఆదివారం గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చుంటున్నాం. విశాఖ వెళ్లిపోదామని నేను, తొందరపడవద్దని మావారు. అక్కడి కొండలు, సముద్రం రోజువారీ బతుకులోకి వస్తాయా? లేక చుట్టపుచూపుగా వచ్చేవారికేనా ఆ అందం?

కొమ్మాది (విశాఖ): తప్పకుండా వస్తాయి. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు. ఆ కాసేపు రోడ్డంతా మనుషులదే. పెద్దవారు నడుస్తారు, పిల్లలు స్కేటింగ్ చేస్తారు. జాతీయ రహదారిని ఆనుకునే కంబాలకొండ అభయారణ్యం, సుమారు 70 చదరపు కిలోమీటర్లు. చిరుతలు తిరిగే అడవి ఊరి అంచునే ఉంది! మా అబ్బాయికి పిట్టల పేర్లు నేను నేర్పలేదు, వాడే నాకు నేర్పాడు.

అమీర్‌పేట: హైదరాబాద్‌లోనూ కేబీఆర్ పార్కు ఉంది కదండీ. దాని దగ్గరికి మారితే సరిపోదా?

మియాపూర్ నివాసి: అక్కడి అద్దె మా జీతాలకు అందదండీ.

పాతనగరం (విశాఖ): కొమ్మాది గారూ, మీరు చెప్పింది నిజమే, కానీ అది మీ విశాఖ. మా పేటలో పొద్దున కిటికీ తెరిస్తే సాయంత్రానికి గచ్చు మీద నల్లగా పోర్టు బొగ్గు దుమ్ము. అమ్మ తులసి ఆకులను తడిగుడ్డతో తుడుస్తుంది. నాన్నకు ఆయాసం. సముద్రం ఇక్కడికి నడిచి వెళ్లేంత దూరమే, అయినా ఆయన గాలికోసం కిటికీ మూసుకుని కూర్చుంటారు. ఊరు పచ్చగా ఉందంటే ఏ వీధి అని నేను అడుగుతాను. ఇక్కడ అద్దె తక్కువ కాబట్టే ఉన్నాం. హైదరాబాద్ జీతాలతో మీరంతా వస్తే కొండ పక్క ఇళ్లు మాకు ఇంకా దూరమవుతాయి.

కొమ్మాది: మీ నాన్నగారి సంగతి చదివి బాధ కలిగింది. నా విశాఖనే అందరి విశాఖ అనుకుని రాశాను.

విశాలాక్షినగర్ (విశాఖ): 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇక్కడే ఉన్నాను. మర్నాడు చూస్తే కైలాసగిరి కొండ మోడువారిపోయింది. మా వీధిలో తురాయి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. నీడ లేని ఆ వేసవి నాకింకా గుర్తుంది. తర్వాత మేం నాటినవి వేప, కానుగ. వాటికి నీళ్లు మోసిన చేతులు ఇవి. వచ్చేవారు నీడను అనుభవిస్తూనే ఒక మొక్క బాధ్యత కూడా తీసుకోవాలని కోరుకుంటాను. ఇంకొక మాట: ఆర్కే బీచ్‌లో పాపను నీళ్లలోకి దించకండి. అలలు లోపలికి లాగేస్తాయి, ఎందరో ప్రాణాలు కోల్పోయారు. మే నెల ఉక్కపోత కూడా మామూలుగా ఉండదు.

మియాపూర్ నివాసి: అందుకే మేలోనే వచ్చి నెల రోజులు అద్దెకు ఉండి చూస్తాం. పాతనగరం గారూ, మీ వీధికీ వస్తాను. ఏ వేళకు వస్తే దుమ్ము బాగా కనిపిస్తుందో చెప్పండి.

పాతనగరం: సాయంత్రం నాలుగు దాటాక రండి. అమ్మ టీ పెడుతుంది.