వానకు కొట్టుకుపోని, వీల్‌చైర్ కూరుకుపోని బాట ఎలా వేయాలి?

తిరుపతిలో శేషాచలం కొండల కింద ఒక చిన్న వనంలో 220 మీటర్ల కాలిబాటను మేం కొందరం వాలంటీర్లం చూసుకుంటున్నాం. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లు కూడా చివర్లో చింతచెట్టు కింద అందరూ కూర్చునే అరుగు దాకా, ఎవరి చేతా మోయించుకోకుండా వెళ్లాలన్నదే మా పట్టుదల.

బాట వెడల్పు 1.5 మీటర్లు. వాలు ఎక్కడా 1:15, అంటే 15 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు, దాటలేదు (ర్యాంపుకే 1:12 వరకు పనికొస్తుంది కాబట్టి దాంతో ఇబ్బంది లేదు). సమస్యంతా పైపొరతోనే. మొదట గ్రావెల్ పోశాం, చైర్ ముందుండే చిన్న చక్రాలు దిగబడిపోయాయి. తర్వాత 4 అంగుళాల మందాన క్రషర్ డస్ట్ (కంకర కొట్టే క్రషర్‌లో మిగిలే రాతిపొడి) పోసి, నీళ్లు చల్లి రోలర్ తిప్పించాం, ఎండాకాలమంతా గట్టిగా, భలే ఉంది. నవంబర్ వానలకు మాత్రం వాలున్న 40 మీటర్ల ముక్కలో వేలు పట్టేంత చారలు పడి, పొడంతా పక్క కాలవలోకి పోయింది. మొన్న ఒకమ్మాయి చైర్ చక్రం అలాంటి చారలోనే ఇరుక్కుంది, ఎత్తి తీసుకెళ్తామంటే వద్దని అక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోయింది. చాలా బాధేసింది. అంచులకు రాళ్లు పాతి చూశాం, నీళ్లు బయటికి పోక బాట మధ్యలోనే పారి ఇంకా పాడైంది. కాంక్రీటుకు అనుమతి లేదు, పైగా ఎర్రచందనం వేళ్లు బాట కిందనుంచే పోతున్నాయి.

ఇలాంటి వాలు మీద కాంక్రీటు లేకుండా బాట వేసి, కనీసం రెండు వానాకాలాలు నిలబెట్టినవాళ్లుంటే, క్రషర్ డస్ట్‌లో ఏం కలిపారో, ఎంత పాళ్లలో కలిపారో చెప్పగలరా?