అప్‌డేట్: పచ్చి బియ్యం తినే మా పాప గురించి

మా తొమ్మిదేళ్ల పాప డబ్బాలోంచి గుప్పిళ్లతో బియ్యం బొక్కుతోందని, మెట్లెక్కితే ఆయాసపడుతోందని అడిగాను కదా. రక్తపరీక్ష చేయించమన్న వాళ్లందరికీ పేరుపేరునా థాంక్స్.

హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో 11.5 కంటే తగ్గితే రక్తహీనతే. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా బాగా తక్కువ. ఐరన్ లోపం ఉన్న పిల్లలకి బియ్యం, సుద్ద, మట్టి మీదకి మనసు లాగుతుందట. "బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందే" అని బెదిరించిన మా అత్తయ్యే ఇప్పుడు సిరప్ టైము గుర్తు చేస్తున్నారు.

డాక్టరుగారు నులిపురుగులకు ఆల్బెండజోల్, రోజూ ఐరన్ సిరప్ రాశారు. పాలు, టీతో ఇవ్వొద్దన్నారు, నిమ్మరసంతో అయితే ఒంటికి బాగా పడుతుందట. పళ్లు నల్లబడకుండా స్ట్రాతో తాగిస్తున్నాను. విరేచనం నల్లగా వస్తే కంగారుపడకండి, అది మందు వల్లే.

ముందు బియ్యం డబ్బా జోలికి పోవడం మానేసింది, మొహంలో కళ ఆ తర్వాత వచ్చింది. మొన్న 11.8. అయినా సిరప్ ఆపలేదు. ఒంట్లో ఐరన్ నిల్వలు నిండాలంటే ఇంకో రెండు మూడు నెలలు వాడాలన్నారు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండితే మారు వడ్డించమంటోంది. ఆదివారం కోడి కార్జం వేపుడు చేస్తే గిన్నె ఖాళీ!