అమ్మకి తేలికైన స్కూటీ ఏది బాగుంటుంది? లేక పాత పెప్‌కే టైర్లు మార్పించెయ్యాలా?

తెనాలి పిల్ల:

హాయ్ అండీ అందరికీ. మా అమ్మ టీచరు, వయసు 54, ఎత్తు నాలుగు అడుగుల పది అంగుళాలు. తెనాలి నుంచి కొల్లిపర వైపు స్కూలు, రోజూ రానూపోనూ 22 కిలోమీటర్లు. బండి స్కూటీ పెప్ ప్లస్, 2013లో కొన్నది. ఇంజనుకి పెద్ద రోగాలేం లేవు, బ్యాటరీలు మార్చాం, బెల్టు ఒకసారి మార్చాం అంతే.

పోయిన వారం కాలవ గట్టు రోడ్డు మీద దమ్ము చేసిన ట్రాక్టరు వెళ్తూ బురద పెళ్ళలు పడేసి పోయింది, దాని మీద సన్నగా వాన పడింది, అమ్మ బ్రేకు కొట్టగానే ముందు చక్రం జారి పక్కకి పడిపోయింది. దెబ్బలు పెద్దగా లేవు, మోకాలు దోక్కుపోయింది, టిఫిన్ బాక్స్ సొట్ట పడింది. కానీ అప్పట్నుంచీ మా ఇంట్లో రోజూ మీటింగే. నాన్నేమో యాక్టివా కొనేద్దాం అంటారు, తమ్ముడు లైసెన్సు అక్కర్లేని బ్యాటరీ బండి కొనమంటాడు, అమ్మకేమో పెప్ తప్ప ఏది చూసినా బరువే అంటుంది, పెప్ ప్లస్ ఇప్పుడు రావట్లేదని షోరూములో చెప్పారు. మెకానిక్ చూసి ముందు టైరు గుండు అయిపోయిందమ్మా అది మార్చమన్నాడు, టైర్ల షాపుకెళ్తే అతను 100/90-10 వెయ్యండి వెడల్పుగా ఉంటుంది గ్రిప్ బాగుంటుంది అన్నాడు, ఇప్పుడున్నది 90/100-10. ఈ రెండింటికీ తేడా ఏంటో నాకు అర్థం కాలేదు. నేను హైదరాబాదులో ఉంటాను, ఈ ఆదివారం ఊరెళ్తున్నా, ఈలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. ప్లీజ్.

కరీంనగరోడు:

అక్కా, మా అమ్మకు కూడా గిట్లనే తిరిగిన నేను పోయినేడాది. అందరు బరువు బరువు అంటరు గాని ముందుగాల సీటు ఎత్తు చూడు. యమహా ఫాసినో 125, రే జడ్‌ఆర్ 99 కిలోలే, 125 సీసీ బండ్లల్ల మస్తు తేలిక, కాగితం మీద చూస్తె ఇంకేం గావాలె అనిపిస్తది. కాని ఫాసినో సీటు 780 మిల్లీమీటర్లు, రే అయితే 785. నాలుగడుగుల పదంగుళాల మనిషికి మునివేళ్లే ఆనుతయి, సిగ్నల్ కాడ బండి జర ఒరిగితె పట్టుకునేదెట్ల? స్కూటీ జెస్ట్ 103 కిలోలు అయినా సీటు 760, రెండు కాళ్లు మంచిగ ఆనుతయి. యాక్టివా 6జీ 106 దాక ఉంటది, సీటు 765. జెస్ట్‌కు దానికి మూడు కిలోలే కద అని కొట్టిపారెయ్యకు, బండి కొంచెం చిన్నగ ఉండుడు వల్ల తిప్పేటప్పుడు తెలుస్తది. మీ పెప్ అయితె 95 లోపే, అందుకే మీ అమ్మకు అన్నీ బరువనిపిస్తున్నయ్, ఆమె తప్పేం లేదు.

మా అమ్మ జెస్టే తీస్కుంది. లోపం చెప్పాల్నంటే రెండు చక్రాలు 10 అంగుళాలవే, గుంతల రోడ్డు మీద నడుము తెలుస్తది. జూపిటర్‌కు రెండు 12, యాక్టివా 6జీ, డియో, యాక్సెస్‌లకు ముందు 12 వెనక 10.

స్పీడోమీటర్ సుబ్బు:

యాక్సెస్ 125 తీసుకోండి కళ్లు మూసుకుని. ఇంజను పట్టు లాంటిది.

కరీంనగరోడు:

సుబ్బన్నా ఆమె అడిగింది ఇంజను గురించి కాదే. యాక్సెస్ సీటు 773.

టైర్ల బాబాయ్, ఖమ్మం:

అమ్మాయ్, ముప్పై ఏళ్ల నుంచి ఇదే పని నాది, కాస్త పెద్దగా రాస్తా ఓపిగ్గా చదువు.

ముందు నంబర్ల సంగతి. 90/100-10 అంటే టైరు వెడల్పు 90 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూరు పాళ్లు అంటే అదీ 90, రిమ్ము 10 అంగుళాలు. 100/90-10 అంటే వెడల్పు 100, ఎత్తు అందులో తొంభై శాతం, అంటే మళ్లీ 90 మిల్లీమీటర్లే. కాబట్టి రెండింటి చుట్టుకొలత ఒకటే వస్తుంది, మీటరు రీడింగు మారదు, అందుకే షాపులో అతను ధైర్యంగా చెప్పాడు. కానీ ఆ పది మిల్లీమీటర్లు వెడల్పు ఎటు పోతుంది? పెప్ లాంటి సన్న బండికి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఖాళీ తక్కువ, బురద పట్టిందంటే రాసుకుంటుంది. మీది అసలే బురద రోడ్డు అంటున్నావు. పైగా 88 సీసీ ఇంజను, వెడల్పు టైరు లాగాలంటే దానికి ఆయాసం. కంపెనీ ఇచ్చిన సైజే వెయ్యి. పాత చేతక్‌కి వచ్చే 3.50-10 టైరు గుర్తుందా నాన్నగారికి, అదీ ఇదీ దాదాపు ఒకటే సైజు, కాబట్టి దొరకదన్న బాధ లేదు, సందు చివర షాపులో కూడా ఉంటుంది. ఎమ్మార్ఎఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్, మిషెలిన్ అందరూ చేస్తారు ఈ సైజు.

రెండోది, ఇది ముఖ్యం. టైరు పక్క అంచు మీద ఇంగ్లీషులో DOT అని ఉండి దాని చివర గుళిక లాంటి గీత లోపల నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3424 అంటే 2024లో 34వ వారంలో తయారైంది. ఇప్పుడు బండికున్న టైర్ల మీద ఆ నంబర్లు చూసి చెప్పు, అప్పుడు మాట్లాడదాం. అరుగుదల ఒక్కటే చూస్తారు అందరూ, వయసు చూడరు. రబ్బరు ముసలిదైతే గట్టిపడిపోద్ది, గోరుతో నొక్కితే దిగదు, అది తడి రోడ్డు మీద గాజు ముక్క లెక్క జారుతుంది, పైన గాడులు ఉన్నా సరే.

ట్యూబు టైరా ట్యూబ్‌లెస్సా అది కూడా చూడండి. పక్కన రాసే ఉంటుంది. రిమ్ము రెండు ముక్కలుగా ఉండి బోల్టులతో బిగించి ఉంటే దానికి ట్యూబు ఉండాల్సిందే, ట్యూబ్‌లెస్ వేస్తే గాలి నిలవదు. ఒకటే ముక్క రిమ్ము అయినా టైరు కూర్చునే అంచు తుప్పు పట్టి ఉంటే ఇసుక కాగితంతో రుద్దించండి, లేకపోతే రోజూ పొద్దున్నే గాలి తగ్గి ఉంటుంది, పంచరు ఎక్కడా కనపడదు, జనం షాపోణ్ణి తిడతారు.

ఘాట్ రోడ్ బాబు, వైజాగ్:

బాబాయ్ గారు చెప్పిన తేదీ విషయం నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నానండీ. మాది సింహాచలం కొండ దగ్గర, రోజూ ఎక్కుడూ దిగుడే. రెండేళ్ల కిందట ఒక షాపులో మంచి కంపెనీ టైరే, రెండొందలు తక్కువకి ఇస్తానంటే సంబరపడిపోయి వేయించేసాను. మూడు నెలలకే పక్కన సన్నగా వెంట్రుక పగుళ్లు, ఏటిది అని చూస్తే అది తయారై అప్పటికే ఐదేళ్లు, షాపులో ఎండలో వేలాడదీసి ఉండేది అదే. వెళ్లి అడిగితే బిల్లు ఏదండీ అన్నాడు. బిల్లు నేను అడగలేదు కదా. అందుకే బిల్లు మీద ఆ నాలుగంకెలు రాయించుకోండి, రాయను అంటే వేరే షాపుకి వెళ్లిపోండి.

ఇంకో మాట, 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 350 సీసీ లోపు బళ్ల మీద కూడా. షాపులో పాత రేటు చెప్తే అడగండి. అలాగని పాత స్టాకు తక్కువకిస్తామంటే నాలాగ పడిపోకండి.

తమ్ముడు చెప్పిన లైసెన్సు అక్కర్లేని బ్యాటరీ బండి సంగతి, అది గంటకి 25 కిలోమీటర్లు దాటకూడదు, మోటరు 250 వాట్ల లోపే ఉండాలి, అప్పుడే లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. తేలిక నిజమే గానీ పదకొండు కిలోమీటర్లు ఆ స్పీడులో వెళ్తే మీ అమ్మగారు ప్రేయర్ బెల్లుకి ఎలా అందుకుంటారు? పైగా లారీలూ ట్రాక్టర్లూ ఉండే రోడ్డు. ఊళ్లో కూరగాయలకైతే ఓకే.

తెనాలి పిల్ల:

థాంక్యూ సో మచ్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే అమ్మకి వీడియో కాల్ చేసి ఆ నంబర్లు చూడమన్నా. ఆవిడ టార్చ్ పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని, తడిగుడ్డతో టైరు తుడిచి ఒక్కో అంకే చదివింది క్లాసులో డిక్టేషన్ చెప్పినట్టు. వెనక టైరు 4118. ముందుది 0913!! అంటే బండితో పాటు వచ్చిందే ఇన్నాళ్లూ ఉందన్నమాట. వెనకది మార్పించినప్పుడు ముందుది బాగానే ఉందిగా అని వదిలేశారట నాన్న. పక్కన పగుళ్లు ఉన్నాయా అంటే, ఎండిన చెరువు మట్టిలా ఉంది అంది. రెండింటి మీదా ట్యూబ్‌లెస్ అని ఉందిట.

టైర్ల బాబాయ్, ఖమ్మం:

దేవుడు కాపాడాడు తల్లీ. 2013 టైరు ముందు చక్రానికా! వెనక టైరు బరువు మోస్తుంది, ఇంజను దాని మీదే ఉంటుంది, అది త్వరగా అరుగుతుంది, జనం దాన్ని రెండుసార్లు మార్చి ముందుది ఒకసారి కూడా మార్చరు. కానీ వెనకది జారితే బండి ఊగుద్ది, సర్దుకోవచ్చు. ముందుది జారితే సర్దుకునే టైమే ఉండదు, మనిషి కిందే. మీ అమ్మ పడింది బండి బరువు వల్ల కాదు, బురద ఒక్కదాని వల్లా కాదు. ఆ టైరుతో కొత్త బండయినా పడేదే.

రెండూ మార్పించు. 53జె అని ఉంటుంది చూడు, 53 అంటే ఆ టైరు 206 కిలోల దాకా మోస్తుంది, జె అంటే గంటకి 100 దాకా, మీ అమ్మకి ఎక్కువే. పక్కన బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే వైపు పెట్టారో లేదో నువ్వే నిలబడి చూడు, కుర్రాళ్లు ఫోను చూస్తూ తిప్పి బిగించేస్తారు. వాల్వు కొత్తది వెయ్యమను, దానికయ్యేది ఎంత, పాత వాల్వు రబ్బరు కూడా 2013దే కదా. వెనక చక్రం తియ్యాలంటే సైలెన్సరు విప్పాలి, అందుకని కొంచెం లేబరు ఎక్కువ అడుగుతాడు, అది న్యాయమే.

గాలి: పంపు దగ్గర కుర్రాడు అన్ని స్కూటర్లకీ ముందూ వెనకా 35 కొట్టి పంపేస్తాడు. యాక్టివాకే కంపెనీ చెప్పేది ముందు 22, వెనక ఒక్కరైతే 29, ఇద్దరైతే 36. మీ పెప్ బుక్కులో ఎంత ఉందో చూసి చీటీ మీద రాసి డిక్కీలో అంటించు. తేలిక మనిషి, తేలిక బండి, ముందు చక్రంలో గాలి బండరాయిలా ఉంటే టైరు నేలని పట్టుకోదు. కొత్త టైరు మీద మొదటి వంద కిలోమీటర్లు మెల్లిగా పోనివ్వమను, పైన నున్నటి పొర ఉంటుంది, అది పోయేదాకా వంపుల్లో జాగ్రత్త.

కరీంనగరోడు:

బాబాయ్ చెప్పినాక ఇంక కొత్త బండి ఎందుకక్కా ఇప్పుడే. టైర్లు రెండు కలిపి మూడు వేల లోపు అయితయి, కొత్త బండికి లక్ష దగ్గర. కాకపోతే 2013 బండి కద, 2028కి పదిహేనేండ్లు అయితయి, ఆర్సీ రెన్యువల్ చేయించాల్నా కొత్తది కొనాల్నా అని అప్పుడు చూసుకోవచ్చు. ఒక్క ముచ్చట, ఎప్పుడు కొన్నా షోరూముల అమ్మతోటి నడిపించుడు కంటె ముందు సెంటర్ స్టాండు ఏపిచ్చి చూడు. గాడ తెలుస్తది అసలు బరువు.

ఘాట్ రోడ్ బాబు, వైజాగ్:

కరెక్టు. నడిపేటప్పుడు పది కిలోల తేడా తెలీదండీ, స్టాండు వేసినప్పుడూ, ఇరుకు పార్కింగులో వెనక్కి లాగినప్పుడూ నడుము చెప్తుంది.

తెనాలి పిల్ల:

అప్‌డేట్. ఆదివారం టైర్లు మార్పించేశాం, 90/100-10లే, రెండూ ఒకే కంపెనీ, తేదీ రెండు నెలల కిందటిది. మొదటి షాపులో నాలుగంకెలు బిల్లు మీద రాయమంటే అతను నన్ను ఎగాదిగా చూసి ఇవన్నీ ఎవరు చెప్పారమ్మా అన్నాడు, ఖమ్మంలో మా బాబాయ్ అన్నా. రాయలేదు, పక్క షాపుకి వెళ్లాం, అతను మాట్లాడకుండా రాసిచ్చాడు. ముందు చక్రం బాణం నిజంగానే తిప్పి పెట్టబోయాడు బాబాయ్!! నేను అరిచాను. రిమ్ము అంచు తుప్పు రుద్దించాం, సబ్బు నీళ్లు పోసి బుడగలు రావట్లేదని చూపించాడు కూడా.

దారిలో షోరూముకి కూడా వెళ్లాం, ఎలాగూ వచ్చాం కదా అని. జెస్ట్ ఎక్కి కూర్చోమంటే అమ్మ కూర్చోలేదు, తిన్నగా వెళ్లి సెంటర్ స్టాండు మీద కాలేసి ఒక్క లాగు లాగింది, పడింది. యాక్టివా లాగింది, సగం దాకా లేచి దిగిపోయింది, నాన్న అటు తిరిగి నిలబడ్డారు. తర్వాత జెస్ట్ ముందు హుక్కుకి టిఫిన్ బ్యాగు తగిలించి చూసి మోకాలికి తగులుతుందేమో అని రెండు నిమిషాలు ఆలోచించి, సరేలే ఇది బానే ఉంది, పెప్ చచ్చిపోయాక చూద్దాం అంది.

సోమవారం స్కూలుకి వెళ్లొచ్చి ఫోన్ చేసింది, కాలవ గట్టు దగ్గర మళ్లీ బురద ఉందట, ఈసారి దిగి నడిపించుకుంటూ దాటిందట. టైర్లు కొత్తవే కదమ్మా అంటే బాబాయ్ వంద కిలోమీటర్లు జాగ్రత్త అన్నారుగా, ఇంకా పాతిక దాకా కూడా కాలేదు అంది.