ప్రీమియం డీజిల్‌కు లీటరుకు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టడం దండగేనా?

కొబ్బరిబండి (అంబాజీపేట) అడిగిన ప్రశ్న:

నాది 2021లో కొన్న బొలెరో పికప్. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తుకుని వారానికి మూడు నాలుగు సార్లు కాకినాడ, రెండు సార్లు రాజమహేంద్రవరం వెళ్తుంటాను. నెలకు మూడు వేల కిలోమీటర్లకు తగ్గదు.

మొన్న ఆదివారం రావులపాలెం దగ్గర ఒక బంకులో రెండు వేల రూపాయలకు కొట్టమన్నాను. డబ్బులిచ్చి రసీదు చూసుకుంటే లీటరు 101 అని ఉంది. పక్క పంపు మీద 97 కనిపిస్తోంది. ఇదేమిటని అడిగితే, "ప్రీమియం కొట్టానండి, ఇంజనుకు మంచిది, మైలేజీ కూడా పెరుగుతుంది" అన్నాడు కుర్రాడు. నేను అడగలేదు కదా అంటే, "అందరూ అదే కొట్టించుకుంటున్నారండి" అన్నాడు. ఆ అందరూ ఎవరా అని వెనక్కి తిరిగి చూస్తే గడ్డి ట్రాక్టరు ఒక్కటే ఉంది.

నాకు నెలకు 250 లీటర్లు పడుతుంది. లీటరుకు నాలుగు రూపాయలంటే నెలకు వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు. ఆ డబ్బుతో వెనక టైర్లు రెండు మార్చుకోవచ్చు.

ఇంకో సంగతి. కాకినాడ వెళ్లేటప్పుడు ఎదుర్లంక వంతెన దాటగానే యానాంలో పోయించుకుంటాను. అక్కడ లీటరు దగ్గర పది రూపాయల దాకా కలిసొస్తుంది. మా బావమరిది దీన్ని పట్టుకుని ఏడాదిగా సాధిస్తున్నాడు, చవక డీజిల్ పోసి, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు చెడగొట్టుకుంటున్నానని. నెల రోజులుగా పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజను దడదడలాడుతోంది. లోడు మీద జొన్నాడ వంతెన ఎక్కేటప్పుడు రెండు సార్లు నీరసపడిపోయింది కూడా. అది మొదలైనప్పటి నుంచి బావమరిది గొంతు ఇంకా పెరిగింది.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ప్రకటనల్లో రాసింది నాకూ కనిపిస్తుంది, దాన్ని మళ్లీ ఇక్కడ రాయకండి.

---

పాతనాజిల్ (తణుకు):

ముప్ఫై ఏళ్లు డీజిల్ పంపులు, నాజిళ్లు విప్పి బిగించాను. ఇప్పుడు షాపు మా అబ్బాయి చూస్తున్నాడు, నేను పక్కన కుర్చీ వేసుకుని తప్పులు పడుతుంటాను.

ముందు మీ బావమరిది సంగతి. యానాంలో తగ్గింది పన్ను, సరుకు కాదు. ఆంధ్రలో డీజిల్ మీద వ్యాట్ 22.25 శాతం, దానిమీద లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల సెస్సు ఇంకో రూపాయి. యానాం పుదుచ్చేరి కిందకు వస్తుంది కాబట్టి అక్కడి పన్ను వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్మేది బీఎస్-6 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణం) డీజిలే. కిలోకు 10 మిల్లీగ్రాములకు మించి గంధకం ఉండకూడదు. బీఎస్-4లో అది 50, బీఎస్-3లో 350 ఉండేది. సీటేన్ సంఖ్య 51కి తగ్గకూడదు. సిలిండరులో చిమ్మిన డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే కొలత అది. ఆలస్యంగా అంటుకుంటే ఒక్కసారిగా భగ్గుమంటుంది, మీకు వినబడే దడదడ అదే.

ప్రీమియం అంటే వేరే నూనె ఏమీ కాదు. ఇదే డీజిల్‌లో మందు కలుపుతారు. నాజిల్ మొన దగ్గర మసి పేరుకోకుండా కడిగేది ఒకటి, సీటేన్ కాస్త పెంచేది ఒకటి, నురగ రాకుండా, తుప్పు పట్టకుండా చూసేవి ఇంకొన్ని. మందు ఉత్తిదని నేను అనను. మీ బండిది కామన్ రైల్ ఇంజను, అంటే అన్ని నాజిళ్లకూ ఒకే ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ వెళ్తుంది, ఆ గొట్టమే రైల్. రైల్లో ఒత్తిడి వెయ్యి బార్లు (గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లు) దాటుతుంది, నాజిల్ రంధ్రం తల వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. అక్కడ కొంచెం మసి చేరినా పొగమంచులా పడాల్సిన పిచికారీ ధారలా పడుతుంది.

అయితే మా బల్ల మీదికి వచ్చే నాజిళ్లలో మసి పట్టినవి తక్కువ, తుప్పు పట్టినవి ఎక్కువ. తుప్పు పట్టిందంటే నీళ్లు వెళ్లినట్టే. హైప్రెషర్ పంపులో తిరిగే భాగాలకు వేరే ఆయిలు ఉండదు, డీజిలే కందెన. అందులోకి నీళ్లు వచ్చినా, కిరోసిన్ కలిసినా ఇనుమును ఇనుము గీసుకుంటుంది. ఆ రజను వెళ్లి నాజిల్లో కూర్చుంటుంది. దానికి ఏ ప్రీమియమూ మందు కాదు. హైవే పక్కన రేకుల షెడ్డులో బయోడీజిల్ పేరుతో డ్రమ్ముల్లోంచి పోసేవాళ్ల దగ్గర కొన్నారా ఎప్పుడైనా? కొని ఉంటే ఇక్కడ ఒప్పుకోనక్కర్లేదు, మళ్లీ కొనకండి చాలు.

రేపు పొద్దున స్టార్ట్ చేయకముందు డీజిల్ ఫిల్టరు కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, ఒక గాజు సీసాలోకి కొంచెం వదలండి. ప్లాస్టిక్ సీసా వద్దు, మసకలో ఏమీ కనిపించదు. పది నిమిషాలు కదపకుండా పెట్టి, ఏం కనిపించిందో చెప్పండి.

---

మియాపూర్ రెండోగేరు (హైదరాబాద్):

నేను ఒప్పుకోను. నా డీజిల్ కారు 2018ది. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి, రెండో గేరు దాటితే ఆ రోజు పండగే. ఏడాదిగా ప్రీమియమే పోయిస్తున్నాను. పొద్దున చప్పుడు తగ్గింది. డీజిల్ మార్చానని మా ఆవిడకు చెప్పలేదు, ఆవిడే "బండి ఇవాళ అరవడం లేదేమిటి" అంది. మైలేజీ ఎంత పెరిగిందంటే మాత్రం చెప్పలేను, ఎప్పుడూ రాసి పెట్టలేదు. నాకు నెలకు నలభై లీటర్లు. నూట అరవై రూపాయలకు ఇంత ఆలోచన ఎందుకు?

---

పాతనాజిల్ (తణుకు):

మీకు చెల్లే మాటే అది. ఆగుతూ కదులుతూ, ఇంజను సరిగా వేడెక్కకముందే ఇల్లు చేరే బండికి మసి త్వరగా పడుతుంది. మందు పనిచేసేది అలాంటి చోటే. లోడుతో గంటన్నర ఏకధాటిగా పరిగెత్తే బండిలో ఆ మసి చాలావరకు పేరుకోదు. ఆయనది 250 లీటర్ల లెక్క, మీది నలభై.

---

హ్యూస్టన్ మామయ్య (టెక్సాస్):

మా వైపు వీడియోలు చూసి ప్రీమియం మంచిదని నమ్మేవాళ్లకు ఒక మాట. అమెరికాలో మామూలు డీజిల్‌కు సీటేన్ కనీసం 40 ఉంటే చాలు, ప్రమాణం అంతే. అందుకని ఇక్కడ ఎక్కువ సీటేన్ ఉన్న డీజిల్ పోస్తే చల్లటి పొద్దున తేడా తెలుస్తుంది. మీకు మామూలు బంకులోనే 51. ఇక్కడి వాళ్లు డబ్బులిచ్చి కొనుక్కునే మెరుగు మీకు ముందే వచ్చేసింది. ఇక్కడి ట్రక్కు డ్రైవరు చెప్పింది నిజమే కావచ్చు, మీ బొలెరోకు అది వర్తించదు.

---

మాజీ హవల్దార్ (విజయనగరం):

ప్రీమియం కాదు గానీ, ఎక్కువ పెట్టినా తప్పులేని డీజిల్ ఒకటి చూశాను. లద్దాఖ్‌లో చలికాలం డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోతుంది. ట్యాంకు కింద మంట పెట్టి కరిగించుకున్న రోజులు మాకు తెలుసు. తలుచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ అక్కడికి చలికాలపు డీజిల్ తెచ్చింది, మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది. కోనసీమలో డీజిల్ గడ్డకట్టదు, మనుషులే కరుగుతారు.

---

బంకు సూపర్‌వైజరు (గుంటూరు జిల్లా):

ఆ కుర్రాడి తరఫున క్షమాపణ చెప్పలేను, అది మా బంకు కాదు. కానీ ప్రీమియం ఎంత అమ్మామని మమ్మల్నీ అడుగుతుంటారు, అందుకే పంపు నాజిల్ అటు వెళ్తుంది. "మామూలు డీజిల్" అని ముందే గట్టిగా చెప్పండి, మీటరు మీద ధర చూశాకే కొట్టనివ్వండి.

బయటివాళ్లు పట్టించుకోని సంగతి ఒకటి చెబుతాను. మా దగ్గర మామూలు డీజిల్ ట్యాంకు రెండు రోజుల్లో ఖాళీ అవుతుంది. ప్రీమియం ట్యాంకు మూడు వారాలైనా అలాగే ఉంటుంది. అమ్ముడుపోని సరుకు కంటే లారీలు బారులు తీరే బంకులో మామూలు డీజిల్ నాకు నయం అనిపిస్తుంది. మా బంకు గురించి నేనే ఇలా రాయకూడదేమో.

అనుమానం ఉంటే డెన్సిటీ (సాంద్రత) చూపించమని అడగండి. 500 మిల్లీలీటర్ల జాడీలో డీజిల్ పోసి, హైడ్రోమీటరు, థర్మామీటరు వేసి, పట్టిక చూసి 15 డిగ్రీల లెక్కకు మారుస్తాం. బీఎస్-6 డీజిల్‌కు ఘనపు మీటరుకు 810 నుంచి 845 కిలోల మధ్య రావాలి. అది చాలదు, ట్యాంకరుతో వచ్చిన చలానాలోని అంకెకు మూడుకు మించి తేడా రాకూడదు. కొలత మీద అనుమానమైతే ముద్ర వేసిన ఐదు లీటర్ల క్యాను ప్రతి బంకులో ఉంటుంది, 25 మిల్లీలీటర్ల వరకు తేడాకు ఒప్పుకుంటారు. అడిగితే మొహం మాడ్చుకుంటారు, కాదనడానికి మాత్రం వీల్లేదు.

ట్యాంకరు దిగుతున్నప్పుడు పోయించుకోకండి, అడుగున ఉన్న మడ్డి కదులుతుంది. పెద్ద వాన పడిన మర్నాడు మేమే కడ్డీకి పేస్టు పూసి ట్యాంకులో దించి చూస్తాం. నీరు తగిలిన చోట రంగు మారుతుంది.

---

కొబ్బరిబండి (అంబాజీపేట), పది వారాల తర్వాత:

ఆలస్యానికి మన్నించాలి, లెక్క పూర్తయ్యాక రాద్దామని ఆగాను.

ముందు సీసా. పాత తేనె సీసా కడిగి, ఆరబెట్టి, పాతనాజిల్ గారు చెప్పినట్టే పట్టాను. మొదట అంతా ఒకటే రంగులో మసగ్గా ఉంది. నేను టీ తాగి వచ్చేసరికి విడిపోయింది. పైన లేత గడ్డిరంగు డీజిల్, అడుగున చిటికెన వేలి మందాన నీళ్లు, మధ్యలో గీత గీసినట్టు. సీసా వంచితే ఆ నీళ్లు తామరాకు మీద బొట్లలా గుండ్రంగా దొర్లాయి. వాటి కింద కాఫీ పొడి లాంటి ఎర్రటి మడ్డి. మా అమ్మ చూసి "ఇది తాగి బండి ఎలా నడిచిందిరా" అంది.

యానాం డీజిల్ వల్లే అని బావమరిది వెంటనే తీర్పిచ్చాడు. నేనూ సగం నమ్మాను. తర్వాత ట్యాంకు మూత తీసి చూస్తే లోపలి రబ్బరు వాషరు సగం చీలి వేలాడుతోంది. కాయల పీచు, బురద పోవాలని వారానికోసారి మోటారు పైపుతో బండి కడుగుతాను. ఆ ధార నేరుగా మూత మీదే కొడుతుంది. ఇన్నాళ్లూ ట్యాంకులోకి నీళ్లు పంపింది నేనే. షెడ్డు డ్రమ్ముల సంగతి అడిగారు కదా, అది మాత్రం చేయలేదు. ధర అడిగి వచ్చేశాను, అంతే.

వాషరు, ఫిల్టరు మార్చి, ట్యాంకు అడుగు కడిగించాను. మూడో రోజుకే పొద్దున దడదడ చాలావరకు పోయింది. అప్పటికి ప్రీమియం చుక్క కూడా కొత్తగా పోయలేదు.

ఆ తర్వాతే పరీక్ష పెట్టాను. యానాం మానేసి, ఒకే బంకు, ఒకే పంపు, పంపు నాజిల్ దానంతటది మొదటి సారి ఆగేవరకే. ముందు నాలుగు ట్యాంకులు మామూలుది, తర్వాత నాలుగు ట్యాంకులు ప్రీమియం. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు: మామూలు డీజిల్ 160 లీటర్లకు 1,968 కిలోమీటర్లు, ప్రీమియం 160 లీటర్లకు 2,000. అంటే లీటరుకు 12.3, 12.5. పెరగలేదని అనను. కానీ పెట్టిన నాలుగు రూపాయలు తిరిగి రావాలంటే లీటరుకు 12.8 రావాలి. కిలోమీటరుకు మామూలుది 7 రూపాయల 89 పైసలు, ప్రీమియం 8 రూపాయల 8 పైసలు. మూడు వేల కిలోమీటర్లకు నెలకు 570 రూపాయలు చేతి నుంచి పోతాయి. పైగా ప్రీమియం వారాల్లో రెండు ట్రిప్పులు లోడు మామూలు కంటే తక్కువ వేశాను. ఆ మాట కూడా రాయాలి కదా, లేకపోతే లెక్క అబద్ధమవుతుంది.

మళ్లీ యానాంలోనే పోయిస్తున్నాను. కడిగేటప్పుడు మూత మీద ప్లాస్టిక్ గిన్నె బోర్లించి తాడుతో కడుతున్నాను. నెలకోసారి సీసా పడుతున్నాను, పోయిన రెండు సార్లూ నీళ్ల చుక్క లేదు. మియాపూర్ ఆయన మాట కాదనను, ఆయన తిరిగేది వేరు.

పాతనాజిల్ గారూ, ఒక చిన్న సహాయం. నిన్న రాత్రి బావమరిది ఫోన్ చేశాడు. ఏదో మాటల్లో అడిగినట్టుగా, ఆ ఫిల్టరు కింద స్క్రూ ఎటు తిప్పాలని అడిగాడు. వాళ్ల బండి వేరే కంపెనీది.

---

పాతనాజిల్ (తణుకు):

మామూలుగా ఏ కంపెనీదైనా కింది నుంచి చూస్తూ ఎడమకే. పూర్తిగా ఊడదీయవద్దని చెప్పండి, రెండు చుట్లు చాలు. దానికి చిన్న రబ్బరు రింగు ఉంటుంది, అది పడిపోతే ఆ పరిమాణంలో దొరకడానికి ఊరంతా తిరగాలి.